పులుసు మీది ఎర్ర నూనె, భూమి లోపలి నికెల్

రండర్రా, అరుగు మీదకి రండి. చాప పరిచే ఉంది. ఒరేయ్ చంటీ, ఆ దొర్లుతున్న స్టీలు గ్లాసు ఇలా అందుకో. కాఫీకి కాదురా, కబురుకి.

ఈ గ్లాసు మంచి రకం. షాపులవాళ్ళు 18/8 అంటారే, అదన్నమాట. నూటికి 18 వంతులు క్రోమియం, 8 వంతులు నికెల్, మిగతాది చాలావరకు ఇనుము. ఇందులో ఒక తమాషా ఉంది. అయస్కాంతం ఇనుముని పట్టుకుంటుంది, నికెల్‌నీ పట్టుకుంటుంది. 1950 నాటి రూపాయి బిళ్ళ నికెల్‌తోనే కొట్టారు, ఎవరింట్లోనైనా పాత డబ్బాలో మిగిలి ఉంటే అయస్కాంతం పెట్టి చూడండి, టక్కున అతుక్కుంటుంది. అంటుకునేవి రెండూ చేరిన ఈ గ్లాసుని మాత్రం అయస్కాంతం పట్టించుకోదు. ఎందుకో ఇంకో సాయంత్రం చెప్పుకుందాం, లేకపోతే దారి తప్పిపోతాను. ఇవాళ నా గొడవంతా ఆ ఎనిమిది వంతుల గురించే. అది ఎక్కడ పుట్టింది?

మన కోనసీమలో అయితే పుట్టలేదు. ఇక్కడ గునపం వేస్తే రాయి తగలదు కదా! అమలాపురంలో తవ్వినా, రాజోలులో తవ్వినా, కొత్తపేటలో తవ్వినా ఒండ్రు, ఇసుక, బంకమన్ను, దాని కింద మళ్ళీ ఒండ్రు. అంతా గోదారి తెచ్చి పోసిన సొమ్మే. ఇక్కడి పిల్లలకి రాయంటే లారీలో వచ్చే వస్తువు. రోడ్డు వేసేటప్పుడు పోసే నల్ల కంకర చూశారుగా? గోదారి అవతల పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం వైపు క్వారీల్లో అలాంటి రాయే తవ్వుతారు. అది లావా రాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట, రాక్షసబల్లులు అంతరించిన రోజుల్లో, పడమటి దక్కనులో పొంగిన లావా దాదాపు 1000 కిలోమీటర్లు పారుకుంటూ రాజమండ్రి దాకా వచ్చిందని చాలామంది శాస్త్రవేత్తల లెక్క. భూమ్మీద ఇంత దూరం పారిన లావా ఇంకోటి దొరకడం కష్టం. ఆ పొరల మధ్య ఆల్చిప్పలు, నత్తగుల్లలు రాయిగా మారి కనిపిస్తాయి. అంటే అప్పటికి సముద్రం రాజమండ్రి గుమ్మంలోనే ఉందన్నమాట. మన అమలాపురం ఇంకా పుట్టనే లేదు.

రాజోలు వాళ్ళకి చెప్పుకోవడానికి ఒక గొప్ప ఉంది, చాలామందికి తెలీదు. ఓఎన్‌జీసీ వాళ్ళు గ్యాసు కోసం ఇక్కడ బావులు వేశారు కదా. 1995 జనవరిలో పాసర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది, మీ అమ్మానాన్నలని అడగండి, రాత్రిళ్ళు ఆకాశం ఎలా ఉండేదో చెబుతారు. ఇలా ఈ ప్రాంతంలో లోతుకి వేసిన బోర్లలో, ఒండ్రంతా దాటాక, చాలా కింద అదే లావా తగిలింది. ఆ పొరకి భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరేమిటో తెలుసా? రాజోలు ఫార్మేషన్! ప్రపంచంలో ఏ యూనివర్సిటీలో కృష్ణా గోదావరి బేసిన్ గురించి చదివినా మన రాజోలు పేరు పలకాల్సిందే.

"అయితే తాతయ్యా, మన కింద అంత లావా ఉంటే అందులో నికెల్ ఉండదా?" అంటోంది బుజ్జి. మంచి ప్రశ్న, ఆయ్! ఉంటుందమ్మా. కిలో నల్లరాయిలో గ్రాములో పదో వంతు, ఆ ప్రాంతాన. నేల లోతుల్లో మాంటిల్ అని ఉందే, అక్కడి రాయిలో ఇంకా ఎక్కువ, కిలోకి రెండు గ్రాములు. కానీ గని పెట్టి బాగుపడాలంటే సాధారణంగా కిలోకి పది గ్రాముల దాకా చేతికి రావాలి. అంటే నికెల్ లేక కాదు మనకి కష్టం. అది అంతటా కొంచెం కొంచెం పరుచుకుని ఉంది, దాన్ని ఒక్కచోటికి ఎవరు ఊడ్చి పోగేస్తారన్నదే కష్టం.

పోగేసేది గంధకం. అదెలాగో చెప్పాలంటే వంటింట్లోకి వెళ్ళాలి.

వరదల రోజుల్లో ఎర్రనీరు దిగాక పులస వస్తుంది కదా. దాకలో పులుసు పెట్టి, పొయ్యి మీద నిదానంగా ఉడకనిచ్చి, ఆ రోజుకి మూత పెట్టేస్తారు, మర్నాడు తింటేనే రుచి. మర్నాడు మూత తీసి, తినేముందు ఒక్క నిమిషం చూడండి. పైన నూనె తేరి ఉంటుంది, ఎర్రగా, దీపం పెట్టినట్టు మెరుస్తూ. కింద పులుసు చింతపండు రంగులో, కాస్త మట్టిగా ఉంటుంది. కారం దాకంతా కలిసేలాగే వేశారు కదా, మరి ఎరుపంతా నూనెలోకే ఎందుకు చేరింది? మిరపకాయ రంగుకి నీళ్ళంటే గిట్టదు, నూనె కనిపిస్తే చాలు అందులోకి దూకేస్తుంది. ఉప్పు సంగతి తలకిందులు. అది నూనె మొహం చూడదు, పులుసు నీళ్ళలోనే ఉండిపోతుంది. ఎవరికి ఎవరితో పొత్తు కుదిరితే వాళ్ళ దగ్గరికి చేరతారు. అంతే.

భూమి లోపల కూడా అచ్చం ఇదే వంట. రాయి కరిగిన ద్రవం పులుసు. గంధకం ఎక్కువైతే ఇనుముతో కలిసి వేరే ద్రవంగా, చుక్కలు చుక్కలుగా విడిపోతుంది, సల్ఫైడ్ ద్రవం అంటారు, అది నూనె. రెండూ సలసల కాగుతూనే ఉంటాయి, 1200 డిగ్రీల వేడిలో కూడా ఒకదాంట్లో ఒకటి కలవవు. నికెల్, రాగి, కోబాల్టు, ప్లాటినం, పల్లాడియం ఇవన్నీ మిరప రంగు జాతి. సల్ఫైడ్ చుక్క ఎదురైతే అందులోకి దూకేస్తాయి. మెగ్నీషియం, కాల్షియం, అల్యూమినియం ఉప్పు జాతి, రాతి ద్రవంలోనే ఉండిపోతాయి. ఇనుము మాత్రం రెండు పడవల మీదా కాళ్ళు పెడుతుంది. ఒక్క తేడా గుర్తుంచుకోండి. పులుసులో నూనె పైకి తేలుతుంది, భూమిలో సల్ఫైడ్ బరువెక్కువ కాబట్టి అడుక్కి దిగుతుంది. అందుకే అక్కడ సరుకు దాక అడుగున వెతకాలి.

ఇప్పుడు పులుసు ఎలాంటిదై ఉండాలో చూద్దాం. అల్ట్రామాఫిక్ అని ఒక మాట వింటుంటారు, భయపడకండి. ఇసుకలో ఉండే సిలికా తక్కువ, మెగ్నీషియం, ఇనుము బాగా ఎక్కువ ఉన్న నల్లటి, పచ్చటి బరువు రాళ్ళని అలా పిలుస్తారు. మాంటిల్ బాగా కరిగితే పుట్టే ద్రవం ఇలాంటిది, చాలా వేడిది, నికెల్ బాగా ఉన్నది. అది పైకి ఎగదన్నుకుని వస్తూ, నేల మీదకి పొర్లకుండా భూమి పైపెంకులోనే ఎక్కడో ఆగి, నిదానంగా గడ్డకడుతుంది. ఇలా లోపలే గట్టిపడినవాటిలోనే మన కథంతా.

ఆగినంత మాత్రాన సరిపోదర్రా. ఈ ద్రవం గంధకాన్ని చాలా కొద్దిగానే కరిగించుకోగలదు, వెయ్యి పాళ్ళలో ఒక పాలు, ఆ చుట్టుపక్కల. ఆ హద్దు దాటితేనే చుక్కలు విడిపోతాయి. పైగా చిత్రం చూడండి, ద్రవం పైకి వస్తున్నకొద్దీ దాని మీద ఒత్తిడి తగ్గి, గంధకాన్ని దాచుకునే శక్తి ఇంకా పెరుగుతుంది. అంటే తన దారిన తను వస్తే చుక్క విడిపోయే యోగం తక్కువ. దారిలో బయటి గంధకం తగలాలి. గంధకం ఉన్న నల్ల బురదరాళ్ళో, బొగ్గో, జిప్సం లాంటి రాళ్ళో అడ్డొచ్చి, ఆ వేడికి కరిగి ద్రవంలో పడాలి. అప్పుడు హద్దు దాటుతుంది, చుక్కలు పుడతాయి. గంధకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల్ని, అంటే ఐసోటోపుల్ని, కొలిచి అది మాంటిల్ సొంత గంధకమో, దారిలో ఎత్తుకున్నదో చెప్పేస్తారు. దొంగతనం దాగదు.

వేళ కూడా కుదరాలి. వేడి తగ్గుతుంటే ఈ ద్రవంలో మొదట గడ్డకట్టేది ఆలివిన్ అనే పచ్చటి ఖనిజం. నగల షాపులో పెరిడాట్ అని అమ్మే రాయి అదే. దానికీ నికెల్ అంటే ఇష్టమే! గంధకం ఆలస్యంగా వస్తే ఆలివిన్ అప్పటికే నికెల్‌ని మింగి కూర్చుంటుంది. కారమంతా ముందే ముక్కలకి పట్టేశాక నూనె పోస్తే ఎరుపు ఎక్కడిది? అలా నికెల్ లేని బీద సల్ఫైడ్ గుట్టలు ప్రపంచంలో కొల్లలు.

ఇంకో సంగతి నాకు భలే ఇష్టం. గరిటెడు నూనెని ఒక చిన్న గిన్నె పులుసులో కలిపి తేర్చితే కొంచెమే ఎర్రబడుతుంది. అదే గరిటెడు నూనెని వరసగా పది దాకల పులుసులో తిప్పి తీస్తే చిక్కటి ఎరుపు తేలుతుంది. ప్లాటినం ఉందే, అది రాతి ద్రవం కంటే సల్ఫైడ్‌నే వేల రెట్లు, కొన్ని లెక్కల్లో లక్ష రెట్లు ఎక్కువ ఇష్టపడుతుంది. కాబట్టి కొద్ది సల్ఫైడ్ చుక్కలు బోలెడంత ద్రవం నడిచిన దారిలో నిలబడితే, ప్లాటినం గనులు తయారవుతాయి. ఇయాన్ క్యాంప్‌బెల్, ఆంథొనీ నాల్డ్రెట్ అనే ఇద్దరు 1979లో ఈ లెక్కని సూత్రంగా రాశారు. దక్షిణాఫ్రికాలో బుష్‌వెల్డ్ అనే చోట 200 కోట్ల ఏళ్ళ నాటి బ్రహ్మాండమైన శిలాద్రవపు దాక ఉంది, కిలోమీటర్ల మందం. అందులో మీటరుకి అటూ ఇటూ మందమున్న ఒక్క సన్నని పొరలో ప్లాటినం చేరింది. 1924లో ఒక రైతు ఎండిన వాగులో దొరికిన బరువు రేణువుల్ని పంపితే, హాన్స్ మెరెన్‌స్కీ అనే ఆయన వెంటపడి ఆ పొరని పట్టుకున్నాడు. నాన్నగారి కారు గొట్టంలో పొగ శుభ్రం చేసే డబ్బాలో ఉండే ప్లాటినం, పల్లాడియం ఇలాంటి పొరల సరుకే.

చుక్కలు విడిపోయాక ఒకచోట చేరాలి కూడా. ద్రవం ఇరుకు సందుల్లో జోరుగా వస్తున్నంతసేపూ చుక్కల్ని ఈడ్చుకుపోతుంది. సందు వెడల్పయి జోరు తగ్గినచోట దించేస్తుంది. గోదారి ధవళేశ్వరం దాటి పాయలుగా చీలి, నెమ్మదించి లంకలు వేసింది చూశారూ, లెక్క అదే. గనులవాళ్ళు కూడా ఆ మలుపులు, ఆ గుంటలే వెతుకుతారు.

సైబీరియాలో నోరిల్స్క్ అని ఉంది. 25 కోట్ల ఏళ్ళ కిందట అక్కడ కూడా మన దక్కను లాగే లావా వరదలు వచ్చాయి, ఇంకా పెద్దవి. కానీ అక్కడ లావాకి పైకి వచ్చే దారిలో బొగ్గు పొరలు, జిప్సం అన్నగారైన ఆన్‌హైడ్రైట్ పొరలు అడ్డం పడ్డాయి. గంధకం దొరికింది, చుక్కలు విడిపోయాయి, ప్రపంచంలోకెల్లా పేరుమోసిన నికెల్, పల్లాడియం గనులు తయారయ్యాయి. ఇక్కడ డిటెక్టివ్ కథలాంటి ముక్క ఒకటుంది. ఆ కొండల మీద పరుచుకున్న లావా పొరల్ని కొలిస్తే, కొన్నిటిలో నికెల్, రాగి, ప్లాటినం ఉండాల్సినంత లేవు. ఎవరో తుడిచేసినట్టుంది. పులుసు వెలవెలబోయిందంటే ఎర్ర నూనె ఎవరో వంచుకున్నారన్నమాట! పైన లోటు కనబడితే లెక్కకి సరిపోయే సరుకు కింద ఉండి తీరాలి. ఈ గుర్తునే ఇప్పుడు ఇతర దేశాల్లోనూ వెతుకులాటకి వాడుతున్నారు.

కెనడాలో 1993లో ఇద్దరు అన్వేషకులు, ఆల్బర్ట్ చిస్లెట్, క్రిస్ వెర్బిస్కీ, లాబ్రడార్ తీరాన ఒక గుట్ట మీద తుప్పు రంగు మరక చూశారు. సల్ఫైడ్ రాయి వానకీ గాలికీ కుళ్ళితే లోపలి ఇనుము తుప్పుపట్టి పైన ఎర్రటి తొడుగు పడుతుంది. దిగి కొడితే వాయిసీస్ బే గని బయటపడింది. అక్కడ కూడా పక్కన ఉన్న పాత రాళ్ళలోని గంధకాన్ని శిలాద్రవం మింగిందనే తేలింది. అదే కెనడాలో సడ్‌బరీ సంగతి వేరు. 185 కోట్ల ఏళ్ళ కిందట ఉల్క పడి నేల కరిగితే పుట్టిన గని అది. 1883లో రైలు దారి వేస్తుంటే బయటపడింది. రాగి కోసం తవ్వితే ఈ నికెల్ అడ్డొస్తోందేమిటని మొదట్లో విసుక్కున్నారట.

"మరి మన రాజోలు లావాలో?" ఆశపడకండి. అది లోపల ఆగిన దాక కాదు, ఎక్కడో పైకి వచ్చి, గంధకంలో చాలావరకు ఆవిరిగా గాలిలోకి వదిలేసి, నేల మీద పారుకుంటూ వచ్చినది. మన ఊరికి చేరేసరికి పల్చటి పులుసు. నికెల్ కోసం దానికి బోరు వేస్తే డబ్బు దండగ, నా మాట.

మరి తెలుగు నేల మీద లోపలే ఆగిన దాకలు లేవా అంటే, ఉన్నాయి, మీ వంటింట్లోనే ఒక ముక్క ఉండొచ్చు. గ్యాస్ పొయ్యి గట్టు మీద నల్లగా, బంగారు చుక్కలతో మెరిసే రాయి చూశారా? గెలాక్సీ గ్రానైట్ అంటారు. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తవ్వుతారు. పేరు గ్రానైటే గానీ జాతి వేరు, శిలాద్రవం లోపల గడ్డకట్టిన గాబ్రో రకం, దాంతోపాటు అల్ట్రామాఫిక్ పొరలూ అక్కడ ఉన్నాయి. తల కొంచెం పక్కకి వంచుతూ ఆ గట్టుని చూడండి. ఒక చుక్క భగ్గున వెలుగుతుంది, ఇంకొంచెం వంచితే ఆరిపోతుంది, పక్కది వెలుగుతుంది. అది బంగారం కాదు, సల్ఫైడ్ కూడా కాదు. బ్రాంజైట్ అనే ఖనిజపు పలకలు, వాటి లోపల మరీ సన్నని పొరలు వెలుగుని ఒక్క కోణంలోనే వెనక్కి తిప్పుతాయి.

రెండోది కొండపల్లి. పొణికి చెక్క బొమ్మలు చేసే ఊరే. ఆ కొండల్లో 160 కోట్ల ఏళ్ళు పైబడిన పొరల శిలాద్రవం ఉంది, అందులో పైరాక్సినైట్ అనే అల్ట్రామాఫిక్ రాయి మధ్య క్రోమియం ఉండే క్రోమైట్ ముద్దలు దొరికాయి, తవ్వారు కూడా. ఖమ్మం జిల్లా చీమలపహాడ్‌లో ఇలాంటి పొరల దాకే ఇంకొకటి. ఉస్మానియాలో జియాలజీ చెప్పిన ఆచార్య సి. లీలానందం గారు ఈ రాళ్ళ వెంట ఏళ్ళ తరబడి తిరిగి ప్రపంచానికి పరిచయం చేశారు. క్రోమైట్‌కి గంధకంతో పనిలేదు, ద్రవం చల్లబడుతుంటే అది తనంతట తనే గింజలు కట్టి అడుగుకి చేరుతుంది. కాబట్టి ఈ గ్లాసులోని 18 వంతుల లోహానికి పుట్టిల్లు మన కొండపల్లిలోనూ ఉంది. 8 వంతులకి మాత్రం లేదు. ద్రవం వచ్చింది, దాక దొరికింది, చల్లబడటానికి కావలసినంత తీరికా దొరికింది. గని అయ్యేంత సల్ఫైడ్ మాత్రం ఇంతవరకూ ఎవరికీ చిక్కలేదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఈ రోజుల్లో ప్రపంచపు నికెల్‌లో పెద్ద వాటా ఇండోనేషియా ఎర్రమట్టి నుంచి వస్తోంది. అల్ట్రామాఫిక్ రాయి వేడి వానల్లో లక్షల ఏళ్ళు నాని కుళ్ళితే మెగ్నీషియం కొట్టుకుపోయి నికెల్ మిగిలిన మట్టి అది. ఒడిశాలో సుకిందా దగ్గర క్రోమైట్ గనుల మీద కప్పిన మట్టిలో కూడా అలా కొంత నికెల్ ఉంది. అయినా ప్రధానంగా నికెల్ కోసమే తవ్వే గని మన దేశంలో ఒక్కటీ లేదు, స్టీలుకీ బ్యాటరీలకీ కావలసిన నికెల్‌ని దాదాపుగా బయటి దేశాల నుంచే కొనుక్కుంటున్నాం.

ఈసారి విజయవాడ వెళ్ళినప్పుడు కొండపల్లిలో దిగండి. బొమ్మలు కొనుక్కున్నాక కొండ వైపు నడిచి, నల్లగా బరువుగా ఉన్న రాయి ఒకటి చేతిలోకి తీసుకుని, మామూలు రాయితో తూచి చూడండి. తుప్పు మరక ఏదైనా కనబడితే ఫోటో తీసుకురండి, నాకు చూపిద్దురుగాని. కోట మాత్రం రక్షిత కట్టడం, అక్కడ సుత్తి బయటకి తీయకండి.